అప్‌డేట్: బోరు కింద రెండెకరాల చెరకు, అప్పు తీరుతుందా అని అడిగింది నేనే

అనకాపల్లి జిల్లా మాది. వరి మానేసి చెరకు వేస్తే గట్టెక్కుతామా అని నిరుడు అడిగాను. మొక్క తోట, అంటే నాటిన మొదటి పంట నరికేశాం, ఇప్పుడు కార్శి, అంటే ఆ మోళ్ల నుంచి వచ్చే రెండో పంట లేస్తోంది.

ముచ్చెలు (గడ ముక్కలు) పాతొద్దు, ఒక్కో కన్ను నుంచి పెంచిన ఒంటికన్ను నారు పెట్టమన్నవాళ్లకి దండాలు. ఎకరాకి మూడు నాలుగు టన్నుల విత్తనం చెరకు కొనే బాధ తప్పింది. ఐదడుగుల సాళ్లు, డ్రిప్పు, మధ్యలో మినుము. లేత పిలకల్ని తొలిచే పీక పురుగు వచ్చింది గానీ సాళ్లలో చెరకు చెత్త కప్పాక తగ్గింది.

ఇక డబ్బు. 2025-26కి కేంద్రం ధర టన్నుకి 3,550 అనగానే నాన్న ఆ లెక్కే కట్టేసుకున్నారు. అది 10.25 శాతం రికవరీకి, అంటే చెరకులోంచి వచ్చే పంచదార శాతానికి. 9.5, అంతకన్నా తక్కువొచ్చే మిల్లయితే 3,290 చిల్లరే. అందులో నరుకుడు కూలి, జడచుట్లు (గడలు పడిపోకుండా కలిపి కట్టే ఖర్చు), బండి కిరాయి పోవాలి. చట్టప్రకారం 14 రోజుల్లో డబ్బు పడాలి, దాటితే 15 శాతం వడ్డీ. మాకు అసలు రావడానికే నెలలు పట్టింది, వడ్డీ ఊసే లేదు.

మిల్లు డబ్బు ఆలస్యమవుతుందనే సగం చెరకు బెల్లం ఆడించాం. బెల్లాన్ని తెల్లబరిచే హైడ్రోస్ మందు వెయ్యలేదు, దిమ్మలు నల్లగా వచ్చాయి, ధర కోశారు. అయినా డబ్బు వెంటనే చేతికొచ్చింది, అమ్మ గాజులు విడిపించాం. బయటి అప్పు తీరింది, బ్యాంకుది అలాగే ఉంది.

రెండో కార్శి కూడా ఉంచమంటారా? ఎండాకాలం బోరు గంటన్నరకే నీళ్లు ఆపేస్తోంది.