వరద రోజుల్లో బడి వంటశాల వీధికి వండాలా?

సింగ్‌నగర్ వాసి
2024 సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడలో బుడమేరు వాగు పొంగి, నీళ్లు మా మెట్లెక్కాయి. పిల్లలతో, అమ్మతో మేడ మీదే ఉన్నాం. మొదటి భోజనం పొట్లం సోమవారం సాయంత్రం వచ్చింది. సాంబారన్నం. కవరు విప్పగానే పులిసిన వాసన కొట్టింది. ఆకలికి అమ్మ నోట్లో పెట్టుకోబోతుంటే చేతిలోంచి లాక్కుని పారేశాను. అది ఇప్పటికీ మర్చిపోలేను.

వండినవాళ్లని తప్పుపట్టను. పొద్దున్నే ఎక్కడో వండి, వేడి మీదే మూట కట్టి, లారీలో ఫ్లైఓవర్ దాకా తెచ్చి, అక్కడ పడవ కోసం ఆగితే ఏ అన్నమైనా చెమర్చి పాడవుతుంది. కానీ అదే ఫ్లైఓవర్‌కి అవతల, గాంధీనగర్ వైపు నేల పొడిగానే ఉంది. అటువైపు బడుల్లో గుండిగలున్నాయి, పొయ్యిలున్నాయి, రోజూ వందమందికి వండే చేతులున్నాయి. వానకి సెలవు ఇవ్వగానే వాటన్నిటికీ తాళం పడింది. నీటి అంచున ఉన్న బడుల్లో వండి, గంటలో పడవ ఎక్కిస్తే ఏం పోయింది? మీ అభిప్రాయాలు చెప్పండి.

రిటైర్డ్ హెచ్ఎం, గుంటూరు
బాబూ, నీ బాధ అర్థమైంది. అయినా నేను ఒప్పుకోను. కారణం చెబుతాను.

2009 అక్టోబరులో కృష్ణకు వరద వచ్చినప్పుడు నేను కొల్లూరు వైపు పనిచేస్తున్నాను. లంకల్లో జనం పశువులతో సహా కరకట్ట మీదికి వచ్చారు. బడి తలుపు తీసి, పిల్లల బియ్యంతోనే ఆరు రోజులు వండించాను. ఆ ఆరు రోజులూ ఎవరూ ఆకలితో పడుకోలేదు. తర్వాత తనిఖీకి వచ్చినవాళ్లు రిజిస్టర్ తెరిచి, హాజరు లేని రోజుల్లో బియ్యం ఎలా ఖర్చయ్యాయని అడిగారు. నా దగ్గర రాతపూర్వక ఆర్డర్ లేదు. చివరికి నా జీతంలోంచి కట్టాను.

ఆ డబ్బు గురించి బాధ లేదు. కానీ అది పిల్లల వాటా. ప్రైమరీ పిల్లకి పూటకి 100 గ్రాములు, పైతరగతుల వాళ్లకి 150 గ్రాములు అని లెక్క కట్టి ఇస్తారు. వరద తీసి బడి తెరిచిన రోజున పిల్లలకి ఏం పెడతాం? ఆ రోజు వాళ్ల ఇంట్లో పొయ్యి కూడా వెలగదు.

పాయకాపురం, వంటమ్మ కూతుర్ని
మా అమ్మ బడిలో వండుతుంది. నెలకి 3 వేలు గౌరవ వేతనం. సరుకుల బిల్లులు ఆలస్యమైతే కిరాణా కొట్టులో అప్పు పెట్టి మరీ వండుతుంది. ఆ వరదలో మా ఇల్లూ మునిగింది. అన్నయ్యా, "రోజూ వండే చేతులు" అని రాశారు. ఆ చేతులు కూడా ఏదో ఒక మేడ మీదే ఉన్నాయి.

సింగ్‌నగర్ వాసి
అమ్మా, తప్పు నాదే. ఆ మాట ఆలోచించకుండా రాశాను. మునిగిన పేటల వంటవాళ్లని పిలవకూడదు, పొడి నేల మీద ఉన్నవాళ్లనే పిలవాలి. దినకూలి అదే రోజు చేతికివ్వాలి.

మాస్టారూ, పిల్లల వాటా అన్నారు. 2004లో సుప్రీంకోర్టు కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టమంది. ఆపద వస్తే సెలవులోనైనా బడి పొయ్యి వెలగాలన్న ఆలోచన కొత్తది కాదు.

రిటైర్డ్ హెచ్ఎం, గుంటూరు
అది కూడా పిల్లల కోసమే కదా బాబూ. ఊరంతటికీ కాదు.

మంగళగిరి క్యాటరింగ్
ఇరవై ఏళ్లుగా వంటలో ఉన్నాను. లక్షల మందికి కావాలంటే పెద్ద వంటశాలే దిక్కు. 25 కిలోల బస్తా వండితే పెద్దవాళ్లు నూట యాభై మందికి మించి రాదు. బడి గుండిగలతో ఎన్ని బస్తాలు వండుతారు?

అయితే పెద్ద వంటశాల నుంచి సాంబారన్నం పంపడం పొరపాటు. తడి కూడు నాలుగు గంటలు దాటితే నమ్మకూడదు. చింతపండు పులిహోర, పొడిగా చేసి, పూర్తిగా ఆరబెట్టి కడితే సాయంత్రం దాకా ఆగుతుంది. మా ఇళ్లలో ప్రయాణానికి అదే కట్టేది అందుకే. దూరం నుంచి వచ్చేది పులిహోర కావాలి. వేడన్నం, పప్పు, గుడ్డు దగ్గర్లో వండాలి. పసిపిల్లలకీ, ముసలివాళ్లకీ, షుగరున్నవాళ్లకీ మూడు పూటలా పులిహోర పెట్టలేం. అంతమందికి మాత్రమే అయితే బడి వంటశాల చాలు.

సింగ్‌నగర్ వాసి
ఇది నాకు తట్టలేదు. మా అమ్మకి షుగరే.

రిటైర్డ్ హెచ్ఎం, గుంటూరు
ఈ మాట ఆలోచించదగ్గది. అందరికీ కాకుండా ఆ కొద్దిమందికే అయితే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగిలిన సగం కాగితం. నీళ్లొచ్చాక కలెక్టరు ఆర్డర్ కోసం హెచ్ఎం తిరగలేడు. జూన్‌లో బడి తెరిచేటప్పుడే ఏ బడి వండాలి, బియ్యం ఏ గోడౌన్ నుంచి వస్తాయి, పిల్లల వాటా ఎన్ని రోజుల్లో తిరిగి నింపాలి అని రాసి చేతికివ్వాలి. బడి మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆ తల్లి వేళ కాని వేళ వచ్చినవాళ్లకీ వండిపెట్టింది. ఆ పేరున్న చోట ఇంకో హెచ్ఎం నాలాగా జీతంలోంచి కట్టకూడదు.

పాయకాపురం, వంటమ్మ కూతుర్ని
అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. వండడానికి సిద్ధమే అంది. కానీ గ్యాస్ సిలిండర్లు నేల మీద పెడతారు, ముందు నీళ్లలో తేలేవి అవేనట. వాటిని పై అంతస్తుకి ఎక్కించే మనిషి ఎవరో కూడా ఆ కాగితంలో రాయమంది.