2018 తర్వాత కదలని నార్మలైజ్: ఆగిపోయిందా, పూర్తయిందా?

అర్ధవిరామం:
వెబ్ పేజీల రూపాన్ని చెప్పే భాష సీఎస్ఎస్ కదా, అందులో రాసిన నార్మలైజ్ సీఎస్ఎస్ అనే లైబ్రరీ చివరి వెర్షన్ 8.0.1 వచ్చింది 2018లో. మళ్లీ ఇంకోటి రాలేదు. కొత్త ప్రాజెక్టులో వేసుకుందామంటే మా టీమ్‌లో ఒకాయన "అది చచ్చిపోయిన లైబ్రరీ, ముట్టుకోకు" అన్నారు. బ్రౌజర్ల మధ్య తేడాలు సరిచేసే చిన్న ఫైలే కదా, అందులో ఇంకా చేయడానికేముందని నాకు అనిపిస్తోంది. మీరేమంటారు?

కొలబద్ద:
చచ్చిందనే అంటాను. పేజీలో ముఖ్య భాగాన్ని చుట్టే మెయిన్ ట్యాగ్‌కి డిస్‌ప్లే బ్లాక్ (సొంత వరుసలో నిలబడాలి) అని అందులో ఇంకా ఎందుకుంది? ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం. దాని 11వ వెర్షన్‌ని మైక్రోసాఫ్టే 2022 జూన్ 15న సాగనంపింది. పేజీలో కనబడకూడని టెంప్లేట్ ట్యాగ్‌ని దాచే రూలూ అంతే. పట్టించుకునేవాళ్లుంటే ఇవి ఈపాటికి పోయేవి. అలాంటి పాతవి వదిలేసిన మోడర్న్-నార్మలైజ్ ఉంది. టెయిల్‌విండ్ అనే సీఎస్ఎస్ ఫ్రేమ్‌వర్క్ తన మూల స్టైల్స్ అయిన ప్రీఫ్లైట్‌ని కట్టింది దానిమీదే.

పాతకాపు:
నేను ఇలాంటిదే ఒక చిన్న లైబ్రరీ చూసుకుంటున్నాను. ఇందులో కష్టమంతా లైన్లు చేర్చడంలో లేదండీ, తీయడంలో ఉంది.

ప్రోగ్రామ్ కోడ్ చూపించే కోడ్, ప్రీ ట్యాగులకు ఫాంట్-ఫ్యామిలీలో "మోనోస్పేస్, మోనోస్పేస్" (అక్షరాలన్నీ ఒకే వెడల్పుండే ఫాంట్) అని రెండుసార్లు ఉంటుంది, చూశారా? ఒకరు "పొరపాటున రెండుసార్లు పడింది, ఒకటి తీసేశాను" అని ప్యాచ్ పంపారు. నాకూ అలాగే అనిపించి కలిపేశాను. రిలీజ్ అయిన మర్నాటికే ఫిర్యాదులు: కోడ్ అక్షరాలన్నీ చిన్నవైపోయాయని. బ్రౌజర్లు మామూలు అక్షరాలకు 16 పిక్సెళ్లు ఇస్తే, మోనోస్పేస్ ఒక్కటే ఉన్నచోట 13 ఇస్తాయి. పక్కన ఇంకో పేరుంటే, అది మోనోస్పేసే అయినా సరే, ఆ ప్రత్యేక లెక్క వర్తించదు. అందుకని రెండుసార్లు. తిరిగి పెట్టి, పక్కనే కారణం కామెంట్‌గా రాశాను. ఆ రాత్రి మిగతా లైన్లన్నిటికీ కారణాలు వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఇప్పుడు హెచ్1, అంటే పెద్ద శీర్షిక ట్యాగ్ సంగతి. సెక్షన్, ఆర్టికల్ ట్యాగుల లోపల బ్రౌజర్లు దాన్ని చిన్నది చేసేయకుండా ఒక రూల్ ఉంది. బ్రౌజర్లలో ఆ అలవాటే పోతోంది, 2025లో ఫైర్‌ఫాక్స్ దాన్ని మానడం మొదలుపెట్టింది. అంటే ఆ రూల్ అవసరం కొన్నాళ్లకు తీరిపోతుంది. ఎప్పుడు తీరిందో ఎవరో ఒకరు పరీక్షించి చెప్పాలి. రిలీజ్ లేకపోయినా ఆ పని ఉంటుంది. దాన్ని చేసే మనిషి లేనప్పుడే లైబ్రరీ ఆగిపోయిందంటాను.

కొలబద్ద:
మోనోస్పేస్ సంగతి నాకు నిజంగా తెలియదు, మంచి మాట చెప్పారు. మెయిన్ లైన్ విషయంలో మాత్రం నా మాట మార్చను. ఉంచితే నష్టం లేదనేది ఉంచడానికి కారణం కాదు.

పాతకాపు:
అది తీయాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ మేజర్ వెర్షన్‌లోనే. చిన్న అప్‌డేట్‌లో ఎవరి పేజీ రూపమూ మారకూడదు.

అర్ధవిరామం:
అయితే నార్మలైజ్ ఫైల్‌ని మా ప్రాజెక్టు కోడ్ ఉండే రెపోలోకి కాపీ చేసుకుని, మెయిన్, టెంప్లేట్ రూల్స్ రెండూ తీసేసి, ఒక క్యాస్కేడ్ లేయర్‌లో (ఏ స్టైల్‌ది పైచేయో తేల్చే పొర) పెడతాను. మా స్టైల్స్ లేయర్ల బయటే ఉంటాయి కాబట్టి ఎప్పుడూ వాటిదే పైచేయి.

పాతకాపు:
కాపీ చేసి మార్చుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సే, నిరభ్యంతరంగా చేసుకోండి. ఇకమీదట హెచ్1 లాంటి మార్పులు మాత్రం మీరే కనిపెట్టుకుని ఉండాలి. టెక్స్ట్-సైజ్-అడ్జస్ట్ లైన్ తీయకండి. తీస్తే ఐఫోన్‌ని అడ్డంగా తిప్పినప్పుడు అక్షరాలు ఉబ్బుతాయి. డెస్క్‌టాప్‌లో ఎంత పరీక్షించినా అది కనబడదు.