ట్యాంకులోకి దిగి చనిపోయినవాడికి ‘శిక్షణ ఇచ్చాం’ అంటే సరిపోతుందా?

పరవాడ_శ్రీను:
బల్క్ డ్రగ్ యూనిట్‌లో పదేళ్లుగా సేఫ్టీ చూస్తున్నాను. కాంట్రాక్టు లేబర్‌కి గంటసేపు ఇండక్షన్ చెప్పి లోపలికి పంపడం ఆపాలి. మూడు రోజుల శిక్షణ, పరీక్ష పాసైతేనే గేటు పాసు. ఈటీపీ, అంటే ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు, దాని ట్యాంకుల సంగతే తీసుకోండి. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు మొదట కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు) దగ్గరకొచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన పోయింది కదా అని దిగుతారు. ఆ గ్యాస్ గాలికన్నా బరువు, అడుగునే పేరుకుని ఉంటుంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే మనిషి బతుకుతాడు.

కొండల్_79:
ఏ భాషలో చెప్తున్నారు? మా షిఫ్టులో సగం మంది ఒడిశా, బీహార్ వాళ్లు. తెలుగులో చెప్తుంటే తలూపి సంతకం పెడతారు. భోపాల్ తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో 111ఏ సెక్షన్ చేర్చారు. భద్రత సమాచారం, శిక్షణ పొందడం కార్మికుడి హక్కని. అర్థంకాని మాట శిక్షణ ఎలా అవుతుంది?

పరవాడ_శ్రీను:
హిందీలో కూడా చెప్తాం.

కొండల్_79:
మరి ఒడియా?

వెల్డర్_బాబా:
మా దగ్గర గ్యాస్‌కి గుడ్డ మాస్కులిచ్చారు.

పరవాడ_శ్రీను:
గుడ్డ మాస్కు గ్యాస్‌ని ఆపదు బాబా. ట్యాంకులో అయితే గాలి సిలిండర్ సెట్టే ఉండాలి. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గితే మామూలు మనిషి దిగకూడదు. ఇదే కదా నేర్పాలంటున్నది.

లక్ష్మి_గాజువాక:
మా తమ్ముడికి ఇవన్నీ నేర్పారు. నైట్ షిఫ్టులో పంపు మడ్డితో పూడుకుపోయింది. తోటివాడు దిగి కూలబడ్డాడు. వీడు నిచ్చెన మీద నాలుగు మెట్లు దిగాడట, అంతే. గ్యాస్ డిటెక్టర్ స్టోర్‌లో ఉంది, స్టోర్‌కి తాళం, తాళంచెవి జనరల్ షిఫ్ట్ వాళ్ల దగ్గర. మేం వెళ్లి అడిగితే శిక్షణ రిజిస్టర్ తెచ్చి చూపించారు. వాడి సంతకం.

పరవాడ_శ్రీను:
బాధ అర్థమైంది లక్ష్మి గారూ. కానీ తాళం వేరు, శిక్షణ వేరు. బయటున్నవాడు ఒట్టి చేతులతో లోపలికి దిగకూడదు, అది మొదటి పాఠం. అది గట్టిగా ఎక్కించి ఉంటే...

లక్ష్మి_గాజువాక:
ఉంటే ఏమిటండీ? తప్పు వాడిదేనంటారా? కళ్లముందు మనిషి పడిపోతే చూస్తూ నిలబడాల్సిందా?

కొండల్_79:
శ్రీను గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి.

పరవాడ_శ్రీను:
తప్పన్లేదు. అలా వెంట దిగి పోయినవాళ్లను నేనూ చూశాను, అందుకే అంటున్నాను. అయితే శిక్షణ వద్దంటారా?

లక్ష్మి_గాజువాక:
వద్దని ఎక్కడన్నాను? మూడు రోజులు కాదు, ముప్పై రోజులివ్వండి. ‘గ్యాస్ చూడందే దిగను’ అని ఇన్‌చార్జ్‌తో అనమని నేర్పుతారా? అన్నవాడికి మర్నాడు గేటు పాసు ఉంటుందా?

పరవాడ_శ్రీను:
ఆ హామీ నేనివ్వలేను. కాంట్రాక్టర్ మనిషిని మార్చేస్తాడు. అది యాజమాన్యం చేతిలో పని. పరీక్ష మాత్రం పెట్టాల్సిందే, ఆ మాట మీదే ఉంటాను.

లక్ష్మి_గాజువాక:
పెట్టండి. దిగే ముందు డిటెక్టర్‌లో ఎంత చూపించిందో, దిగమన్నదెవరో కూడా ఆ కాగితం మీదే రాయించి వాళ్ల చేత సంతకం పెట్టించండి. మా తమ్ముడిదొక్కటే ఎందుకుండాలి దాని మీద?