బీరు టిన్నులతో పడవ కట్టాలి, ఎన్ని టిన్నులు పడతాయి? (డార్విన్)

నరసరావుపేట_ఆడపడుచు:
నమస్కారమండీ. మేం ఆస్ట్రేలియాలో డార్విన్‌లో ఉంటున్నాం. ఇక్కడ మిండిల్ బీచ్‌లో డ్రై సీజన్‌లో లయన్స్ వాళ్ళు బీర్ క్యాన్ రెగట్టా పెడతారు. ఖాళీ టిన్నులతో కట్టిన పడవల పందెం. మా ఆఫీసు వాళ్ళు ఈసారి పేరిచ్చేసి, "నువ్వు ఇంజనీర్‌వి కదా" అని డిజైన్ నా నెత్తిన పెట్టారు. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. పడవకీ నాకూ ఉన్న చుట్టరికమల్లా భవానీ ద్వీపానికి లాంచీ ఎక్కడమే.

మా ఇంట్లో ఎవరూ తాగరు. అయినా గరాజ్ నిండా బస్తాలకొద్దీ బీరు టిన్నులు. మొన్న గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్యగారు ఒక బస్తా మూతి విప్పి చూసి, ఏమీ అనకుండా మా ఆయన్ని పెరట్లోకి పిలిచారు. ఇద్దరూ చాలాసేపటికిగానీ లోపలికి రాలేదు.

సరే, నా సందేహాలు. నలుగురు ఎక్కాలంటే ఎన్ని టిన్నులు కావాలి? టేపుతో చుడితే సరిపోతుందా, జిగురు పెట్టాలా? మొసళ్ళ సంగతేంటి? ఆఫీసులో అడిగితే నవ్వుతారు తప్ప జవాబు చెప్పరు.

లంకవాసి:
అమ్మాయ్, నేనూ డార్విన్‌లోనే ఫ్యాబ్రికేషన్ పని చేస్తాను. మాది కోనసీమలో ఒక లంక. గోదారి పొంగితే పిల్లలం అరటి బోదెలు నాలుగు పక్కపక్కన పేర్చి, అడ్డంగా వెదురు గెడలు దిగ్గొట్టి తెప్ప చేసుకునేవాళ్ళం. అరటి బోదె దానంతటదే తేలుతుంది, దాని గురించి బెంగ లేదు. గెడ వదులైతే మాత్రం బోదెలు తలో దిక్కూ పోయి మధ్యలో మనం మిగులుతాం. టిన్నుల పడవలోనూ అదే జరుగుతుంది. ఇక్కడి జనం టిన్నులు లెక్కపెట్టుకుంటారు, కట్టు గురించి ఆలోచించరు. బీచ్‌లో విడిపోయిన పడవలు చూశాను గానీ, టిన్నులు చాలక మునిగింది నా కళ్ళబడలేదు.

లెక్క అడిగావు కాబట్టి చెబుతాను. ఇక్కడి మామూలు టిన్ను 375 మిల్లీలీటర్లు. ఖాళీ టిన్ను బరువు 14, 15 గ్రాములకు మించదు. పూర్తిగా ముంచితే సుమారు 360 గ్రాములు మోస్తుందనుకో. నలుగురు కలిపి 280 కిలోలు, చెక్కా మేకులూ తెడ్లూ ఇంకో 60. మొత్తం 340 కిలోలకి 950 టిన్నులు. కానీ అప్పుడు పడవ నీళ్ళతో సమానంగా ఉంటుంది, మీరు నడుము దాకా తడిసి కూర్చుంటారు. సగం పైకి తేలాలంటే 1900 పెట్టుకో. 2000 అనుకుంటే నిశ్చింత.

టేపు ఒక్కటే అయితే ఉప్పునీళ్ళకి ఊడిపోతుంది. టిన్నులు ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించి నిలువు గొట్టాల్లా చెయ్యి. ఆ గొట్టాల్ని కట్టలు కట్టి, చేపల వల లాంటి నెట్టులో బిగించు. కట్ట చుట్టూ బిగించే బెల్టు నేరుగా టిన్నుకి తగిలితే అల్యూమినియం నొక్కుకుపోతుంది, అందుకని మధ్యలో సన్నటి ప్లైవుడ్ బద్ద పెట్టు.

అన్నిటికంటే ముందు కడుగు. లోపల బీరు చుక్క మిగిలినా చీమలూ బొద్దింకలూ నీ గరాజ్‌లో కాపురం పెడతాయి. బయట జిడ్డు ఉంటే జిగురూ పట్టదు. కడిగి, బోర్లించి ఆరబెట్టి, మూతి దగ్గర సిలికాన్ పూసి ఒక రోజు వదిలెయ్. తర్వాత బకెట్ నీళ్ళలో ముంచి బుడగలొస్తున్నాయేమో చూడు, సైకిల్ షాపులో ట్యూబుకి పంక్చరు చూసినట్టే. 2000 టిన్నులకి ఇది మహా విసుగు పని. ఆఫీసు వాళ్ళందర్నీ కూర్చోబెట్టు, డిజైన్ నువ్వు చేస్తున్నావుగా.

మొసళ్ళు ఉన్నాయి, అబద్ధం ఎందుకు. హార్బర్‌లో బోనులు పెట్టి పట్టుకుపోతూనే ఉంటారు. జెల్లీచేపల బెడద అక్టోబరు నుంచి మే దాకా ఎక్కువ, డ్రై సీజన్‌లో తగ్గుతుంది గానీ అసలు ఉండవని కాదు. పందెం రోజు నిర్వాహకులు చెప్పిన హద్దులోనే ఉండు, ప్రాక్టీసుకి మాత్రం ఎవరిదైనా స్విమ్మింగ్ పూల్ చూసుకో.

సియాటిల్_శీను:
మా ఊళ్ళో గ్రీన్ లేక్‌లో పాల డబ్బాలతో కట్టిన పడవల పందెం ఉంది, సీఫెయిర్ అనే మా ఊరి వేసవి ఉత్సవంలో పెట్టే మిల్క్ కార్టన్ డెర్బీ. 1972 నుంచి జరుగుతోంది. అర గ్యాలన్ కార్టన్ దాదాపు 1.9 లీటర్లు, అంటే ఒక్కోటీ ఇంచుమించు 1.9 కిలోలు మోస్తుంది. మీ టిన్నుతో పోలిస్తే మాకు సుఖమే. కాకపోతే అట్ట కాబట్టి నానుతుంది, కాలు పెట్టిన చోట కుంగుతుంది. పైన పలక వేసి బరువు పరచాల్సిందే. ఎత్తుగా కట్టకండి, వెడల్పుగా కట్టండి. నిలబడి ఫొటోకి పోజివ్వబోయినవాడి వల్లే పడవ తిరగబడుతుంది, ఏ దేశమైనా.

మౌనప్రేక్షకుడు:
ఈ పందెం ట్రేసీ తుఫాను తర్వాత మొదలైందట కదా? ఊరు మళ్ళీ కట్టడానికి వచ్చిన కూలీలు తాగి పడేసిన టిన్నులు ఏరడానికి పెట్టారని ఎక్కడో విన్నాను.

లంకవాసి:
వినడానికి బాగుంటుంది గానీ తేదీలు కలవవు బాబూ. మొదటి రెగట్టా 1974 జూన్‌లో. తుఫాను వచ్చింది అదే ఏడు క్రిస్మస్‌కి. అయితే ఊళ్ళో పడి ఉన్న టిన్నుల చెత్త వదిలించుకోవాలన్న ఆలోచన మాత్రం నిజమే. ఇప్పుడు కూల్‌డ్రింక్ టిన్నులూ పనికొస్తాయి, కాబట్టి అమ్మాయ్, మీ అత్తగారికి ఆ మాట చెప్పు.

ఇంకోటి. వాళ్ళ రూల్సు బైబిల్ పది ఆజ్ఞల ధోరణిలో రాసుకున్నారు. అందులో ఒకటి "నీవు మునిగి చావకూడదు". పందెం అయ్యాక 'బ్యాటిల్ ఆఫ్ మిండిల్' అని ఒక కొట్లాట, పిండి ఉండలు విసురుకుంటూ నీళ్ళు చిమ్ముకుంటూ దాచిన వస్తువు కోసం వెతుకుతారు. పాత బట్టలు వేసుకెళ్ళు.

ఎర్రమట్టి_రెడ్డి:
మీకు కనీసం నీళ్ళున్నాయి. ఆస్ట్రేలియా నడిమధ్యన ఉన్న మా అలీస్ స్ప్రింగ్స్‌లో హెన్లీ ఆన్ టాడ్ పడవ పందెం 1962 నుంచి ఎండిపోయిన టాడ్ నదిలోనే. పడవకి అడుగు ఉండదు, అందులో నిలబడి నడుముకెత్తుకుని ఇసకలో పరిగెత్తాలి. 1993లో నదికి నీళ్ళొచ్చాయని పడవ పందెం రద్దు చేశారు! అనంతపురం వాణ్ణి, ఈ మాట ఊళ్ళో చెబితే నమ్మరు.

నరసరావుపేట_ఆడపడుచు:
అందరికీ థాంక్సండీ. లంకవాసి గారూ, మీ లెక్క ఆఫీసులో పెట్టాను. మేనేజరు 2000 అనగానే నోరెళ్ళబెట్టి, తర్వాత ఖాళీ టిన్ను తిరిగిస్తే వచ్చే 10 సెంట్ల డిపాజిట్ లెక్కేసి, ఇది 200 డాలర్లు కదా అన్నాడు. ఇంకో సందేహం. కట్టల్ని నిలువుగా పేర్చాలా, పడుకోబెట్టాలా? మోసుకెళ్ళడం మాటేంటి?

లంకవాసి:
పడవ పొడవునా పడుకోబెట్టు, నీళ్ళని చీల్చుకుపోతుంది. రెండు పక్కలా రెండు లావు కట్టలు, మధ్యలో ఖాళీ, పైన పలక. అందరూ మోకాళ్ళ మీద కూర్చోండి. బరువైనవాళ్ళని ముందూ వెనకా కాకుండా మధ్యలో పెట్టు.

మోత సంగతి భలే అడిగావు, చాలామందికి అక్కడికెళ్ళాక గుర్తొస్తుంది. ఇక్కడ ఆటుపోట్ల తేడా 8 మీటర్ల దాకా ఉంటుంది. సముద్రం పాటు మీద ఉంటే, అంటే వెనక్కి తగ్గితే, నీళ్ళు ఎక్కడో ఉంటాయి, అంతదూరం తడి ఇసకలో మొయ్యాలి. రెండు భాగాలుగా కట్టి గట్టు మీద బోల్టులతో బిగించుకునేలా చెయ్యి, పక్కలకి తాడు పిడులు పెట్టు. రెక్క నట్లు వాడు, పానా అక్కర్లేకుండా చేత్తోనే బిగుస్తాయి. నాలుగు ఎక్కువే పట్టుకెళ్ళు, ఇసకలో పడితే దొరకవు.