ఊపిరితిత్తుల ఎంఆర్ఐకి జినాన్ గ్యాస్ కావాలా, ఆక్సిజన్ చాలదా?

అడిగినవారు (ఖమ్మం): 2021లో కోవిడ్ తగ్గినా మా అమ్మకు ఇప్పటికీ నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సీటీ బాగానే ఉంది, టెన్షన్ పడొద్దన్నారు. జినాన్ పీల్పించి ఎంఆర్ఐ తీస్తే ఇలాంటివి తెలుస్తాయట. మన దగ్గరికి ఎందుకు తేరు?

ఎంఆర్ఐ టెక్నీషియన్: తేవడం తేలిక కాదండీ. మన మెషీన్లు హైడ్రోజన్ సిగ్నల్ పట్టేవి. ఊపిరితిత్తుల్లో ఉండేది గాలి, అందుకే నల్లగా వస్తాయి. జినాన్-129కి (ఈ ఎంఆర్ఐకి వాడే జినాన్ రకం) సిగ్నల్ పట్టే వేరే కాయిల్, వేరే హార్డ్‌వేర్, లేజర్‌తో గ్యాస్‌ను సిద్ధం చేసే యంత్రం కావాలి. గాలిలో జినాన్ కోటి పాళ్లలో ఒక పాలు కూడా ఉండదు, ధర ఊహించుకోండి. పేషెంటు సంచిలోంచి ఒక్కసారి పీల్చి, పది పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టాలి. మధ్యలో దగ్గొస్తే ఆ డోసు పోయినట్టే. ఆక్సిజన్ అయితే ప్రతి ఆస్పత్రిలో గోడకే ఉంది. మామూలు గాలితో ఒకసారి, మాస్కుతో ఆక్సిజన్ ఇచ్చి ఒకసారి తీసి తేడా చూస్తే సరి.

పల్మనాలజీ పీజీ: ఇక్కడ మీతో ఒప్పుకోలేను. ఆ తేడా చాలా చిన్నది. పైగా గాలి చేరడం, రక్తంలో కలవడం అన్నీ అందులో కలిసిపోతాయి. జినాన్ రక్తంలో కరుగుతుంది. ఊపిరితిత్తుల గాలి గదిలో దాని సిగ్నల్‌ది ఒక ఫ్రీక్వెన్సీ, గదికీ రక్తానికీ మధ్య పొరలో ఇంకొకటి, ఎర్ర రక్తకణంలో మరొకటి. గాలి ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో విడిగా కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్, షెఫీల్డ్ పరిశోధకులు సీటీ దాదాపు మామూలుగా ఉన్న లాంగ్ కోవిడ్ (కోవిడ్ తగ్గినా ఇబ్బందులు పోని) వాళ్లలోనూ గ్యాస్ రక్తంలోకి సరిగా చేరని లోపాన్ని చూశారు. ఏమీ లేదని పంపించేసిన మనిషికి ఆ బొమ్మ ఎంత అవసరమో ఆలోచించండి.

టెక్నీషియన్: కాదనను. కానీ 2022 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది గాలి ఎక్కడ చేరుతోందో చూడటానికే, రక్తంలోకి వెళ్లడం కొలవడానికి కాదు. అది ఇంకా పరిశోధనే.

పీజీ: నిజమే. అందుకే పరిశోధనగానైనా ఇక్కడ ఒక పెద్ద ఆస్పత్రిలో మొదలుపెట్టాలంటున్నాను. ఖమ్మం వారూ, అమ్మగారికి డీఎల్‌సీఓ (ఊపిరితిత్తుల నుంచి గ్యాస్ రక్తంలోకి ఎంత బాగా వెళ్తోందో కొలిచే పరీక్ష) చేయించారా? అదీ గ్యాస్ పీల్చే పరీక్షే. కాస్త కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పది సెకన్లు బిగబడతారు. లోపం ఎక్కడుందో చూపదు, మొత్తానికి ఒక అంకె ఇస్తుంది. పెద్ద ఊళ్లలో చేస్తారు.

అడిగినవారు: లేదండీ. ఆ పేరే ఎవరూ చెప్పలేదు. ఈ వారంలోనే హైదరాబాద్ తీసుకెళ్తాను.