పిల్లలు కథలు వినడానికి తక్కువ ఖర్చులో ఎంపీ3 ప్లేయర్: ఏమేమి చూసి కొనాలి?

ప్రశ్న (కథలపెట్టె):
మా పిల్లలకు ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. నిద్రపోయే ముందూ ప్రయాణాల్లోనూ కథలు, పాటలు వినడం ఇద్దరికీ అలవాటు. ఇంతవరకు నా ఫోన్‌లోనే వింటున్నారు గాని, కథ కోసమని తీసుకున్న ఫోన్ చివరికి వీడియోల్లో తేలుతోంది కనుక, ఇంటర్నెట్ లేని చిన్న ప్లేయర్ కొనాలనుకుంటున్నాను. ఎప్పుడో ఒకప్పుడు కింద పడక తప్పని వస్తువు కాబట్టి ఎక్కువ ఖర్చు పెట్టే ఉద్దేశం లేదు. చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. అన్నిటి మీదా 'వీడియో కూడా వస్తుంది', '128 జీబీ కార్డు పడుతుంది' అనే రాతలే. వీడియో ఉన్నది తీసుకుంటే మేలా? ఇంకేమి గమనించాలి?

సమాధానం (పాతరికార్డు):
వీడియోను లెక్కలోకి తీసుకోకండి. చవక ప్లేయర్లలో చాలావాటి తెర చిన్నది. పైగా కొన్ని మామూలు వీడియో ఫైళ్లను నేరుగా చూపలేవు, కంప్యూటర్‌లో ఏఎంవీ వంటి రూపంలోకి మార్చి ఎక్కించవలసి వస్తుంది. నిల్వ సామర్థ్యం గురించి కూడా కంగారు అక్కరలేదు. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) నాణ్యత గల ఎంపీ3 గంటకు సుమారు 58 ఎంబీ మాత్రమే కాబట్టి 8 జీబీలోనే 130 గంటలకు పైగా పడుతుంది.

మీ అవసరానికి అన్నిటికంటే ముఖ్యమైనది, ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలయ్యే సదుపాయం. పాట నాలుగు నిమిషాల్లో అయిపోతుంది గనుక మొదటికి వచ్చినా నష్టం లేదు. కాని నలభై నిమిషాల కథ సగంలో నిద్రపోయిన పిల్ల, మర్నాడు ఆ చోటు వెతకడానికి బటన్ నొక్కి పట్టుకుని కూర్చోవలసి వస్తే, ఆ ప్లేయర్ కొద్ది రోజులకే సొరుగులోకి చేరుతుంది. ఇందులోనూ తేడాలున్నాయి. కొన్ని చివరగా విన్న ఒక్క ఫైలునే గుర్తుంచుకుంటాయి, మధ్యలో వేరే పాట పెడితే కథలోని చోటు పోతుంది. కొన్నిటిలో ప్రతి ఫైలుకూ విడిగా బుక్‌మార్క్ పెట్టుకోవచ్చు. ఇద్దరు పిల్లలు ఒకే ప్లేయర్ పంచుకునే ఇంట్లో రెండో రకమే పనికొస్తుంది. పెట్టె మీది రాతను నమ్మకుండా, కొనేముందే దాని వాడుక పుస్తకంలో ఈ విషయం చూడండి.

సమాధానం (చెవిమాట):
శబ్దం సంగతి కూడా చూడాలి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి ప్రకటించిన ప్రమాణం ప్రకారం వారానికి 40 గంటలు వినడానికి పెద్దలకు 80, పిల్లలకు 75 డెసిబెల్స్ హద్దు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే వినదగిన సమయం సగానికి తగ్గుతుంది. 'పిల్లల కోసం' అని అమ్మే హెడ్‌ఫోన్లలో చాలావాటికి హద్దు 85 డెసిబెల్స్. ఆ స్థాయిలో పై లెక్క ప్రకారం పిల్లలకు వారానికి నాలుగు గంటలే దక్కుతాయి. అందుచేత హెడ్‌ఫోన్ హద్దుతో సరిపెట్టుకోకుండా, గరిష్ఠ శబ్దాన్ని సెట్టింగుల్లోనే తగ్గించి ఉంచగలిగే ప్లేయర్‌ను ఎంచుకోండి. హెడ్‌ఫోన్ మారినా అది పనిచేస్తుంది. ఆరేళ్ల పిల్లకు రాత్రిపూట మెడకు చుట్టుకునే తీగ కంటే, చిన్న స్పీకరు ఉన్న ప్లేయరే నయమని నా అభిప్రాయం.

సమాధానం (మూలనపడ్డఫోన్):
ఇంట్లో పాత ఫోన్ ఉంటే సిమ్ తీసేసి, వైఫై ఆపి, ఒక్క ఆడియో యాప్ ఉంచితే కొత్త వస్తువే అక్కరలేదు కదా? ప్రతి ఫైలులోనూ ఆగిన చోటును గుర్తుంచుకునే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి.

కథలపెట్టె:
ఆ ఆలోచన చేశాను. అయితే మా పెద్దవాడికి వైఫై మళ్లీ ఎలా పెట్టాలో నాకంటే బాగా తెలుసు. తెర చూడకుండా వేలితో తడిమి నొక్కగల బటన్లు ఉన్నదే కావాలి. కార్డు, ఫైళ్ల విషయంలో ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

సమాధానం (పాతరికార్డు):
ఉన్నాయి. కార్డులో ఫైళ్లను అమర్చే పద్ధతులు వేరువేరు: 32 జీబీ వరకు కార్డులు సాధారణంగా ఫ్యాట్32 పద్ధతిలో, అంతకు మించినవి ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ అయి వస్తాయి. చవక ప్లేయర్లు కొన్ని రెండోదాన్ని చదవలేవు కనుక 32 జీబీ దాటకండి. ఫైళ్ల పేర్లు 01, 02 అని మొదలుపెట్టండి. సున్నా లేకపోతే చాలావాటిలో 1 తరువాత 10 వస్తుంది, కథ తలకిందులవుతుంది. అలా పెట్టినా వరుస తప్పితే, ఆ ప్లేయర్ కాపీ చేసిన క్రమాన్నే పాటిస్తున్నదేమో చూసి, ఫైళ్లను ఒక్కొక్కటిగా వరుసలో ఎక్కించండి. తెలుగు అక్షరాలతో పేరు పెడితే కొన్నిటిలో గళ్లు మాత్రమే కనిపిస్తాయి, కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో రాయడమే మంచిది. యాప్‌లలో డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు సాధారణంగా ఆ యాప్‌కే కట్టుబడి ఉంటాయి, వీటిలోకి రావు. మీ దగ్గర విడి ఎంపీ3 ఫైళ్లు ఉండాలి. కార్డు కొన్న రోజే ఎఫ్3 లేదా హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో పరీక్షించండి. నకిలీ కార్డు 32 జీబీ అని చూపిస్తూనే అందులో కొంత మాత్రమే నిలుపుకుంటుంది. తిరిగి ఇచ్చే గడువు ఉండగానే ఆ సంగతి బయటపడాలి.