పురుషుల ఫ్యాషన్ ఫోటోగ్రఫీని చివరి ఏడాది ప్రాజెక్టుగా ఎంచుకోవడం సరైన నిర్ణయమేనా?

చర్చను ప్రారంభించినవారు: ఫోటోగ్రఫీ విద్యార్థి, హైదరాబాదు

నేను నాలుగేళ్ల ఫోటోగ్రఫీ డిగ్రీలో మూడో సంవత్సరం ముగిస్తున్నాను. చివరి ఏడాది ప్రాజెక్టుకు పురుషుల ఫ్యాషన్ ఫోటోగ్రఫీని ఎంచుకుంటానని చెప్పినప్పుడు మా అధ్యాపకులలో ఒకరు, చీరకైతే రంగు, అంచు, కొంగు ఉంటాయి గానీ మగవారి దుస్తులలో చూపించడానికి ఏముందని అడిగారు. పెళ్లి ఫోటోలు నేర్చుకుంటే నాలుగు వేళ్లు నోట్లోకి వెళ్తాయని ఇంట్లో నాన్నగారు అంటున్నారు. ఇద్దరూ నా మేలు కోరేవారే కనుక వారి మాటలను తోసిపుచ్చలేకపోతున్నాను.

ఈ ఆసక్తి ఎలా మొదలైందో చెబుతాను. నిరుడు ఒక షేర్వాణీల దుకాణం కేటలాగు తీస్తున్న సీనియరుకు సహాయకుడిగా వెళ్లాను. నల్లటి షేర్వాణీ తొడుక్కున్న యువకుణ్ణి కెమెరా లెక్క ప్రకారమే తీస్తే, ఆ నలుపు తెరపై పలుమార్లు ఉతికి వెలిసిపోయిన బూడిద రంగులా కనిపించింది. సీనియరు ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరాలోకి చేరే వెలుతురును, ఒకటిన్నర స్టాపు (వెలుతురు కొలత) తగ్గించి, ఎదురుగా ఉన్న సాఫ్ట్‌బాక్స్‌ను, అంటే వెలుతురును మెత్తబరిచే లైటు పెట్టెను, పక్కకు జరపమన్నారు. నేను స్టాండు పట్టుకుని రెండడుగులు జరిగానో లేదో, ఛాతీ మీద అంతవరకు కనిపించని నల్లదారపు తీగలు, వాటి ఆకులు ఒక్కొక్కటిగా పైకి తేలాయి. నల్లటి గుడ్డ మీద నల్లటి దారంతో ఎవరో రోజుల తరబడి కూర్చుని చేసిన పని అది. ఆ రోజు నుంచి బస్సులో నిలబడినా సరే, ఎదుటివారి కాలరు మెడకు ఎలా అమరిందో, భుజం కుట్టు ఎక్కడ దిగిందో గమనించడం అలవాటైపోయింది.

ఒక ఏడాది మొత్తాన్ని దీనికే కేటాయించవచ్చా? అనుభవజ్ఞులు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గుంటూరు నుంచి, పెళ్లి ఫోటోగ్రాఫర్

బాబూ, నేను 22 ఏళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. నీ ఆసక్తిని తక్కువ చేయడం లేదు, కానీ దానితో బతకడం కష్టమని నా అనుభవంతో చెబుతున్నాను. పెద్ద బ్రాండ్ల పని సాధారణంగా ముంబైకో ఢిల్లీకో వెళ్తుంది. మన ఊళ్లలో మిగిలేది కేటలాగు పని. అందులో చొక్కాకు ఇంత అని లెక్కకట్టి ఇస్తారు, రోజంతా ఒకే లైటు కింద ఒకే భంగిమను తీస్తూ ఉండాలి. ఇక నేను తయారుచేసిన ఆల్బమ్‌లలో పెళ్లికూతురికి పేజీల మీద పేజీలు ఉంటే, పెళ్లికొడుకు ఒంటరిగా ఉన్న ఫోటోలు రెండు మూడు పేజీలకు మించవు. అడిగేవారే లేనప్పుడు ఎవరి కోసం తీస్తావు? ముందు అన్ని రకాల పనీ నేర్చుకో, చేతిలో నాలుగు డబ్బులు ఉన్నప్పుడు నచ్చినది తీసుకోవచ్చు.

విశాఖపట్నం నుంచి, ఫోటోగ్రఫీ ఉపాధ్యాయుడు

గుంటూరు మిత్రులు బతుకుతెరువు గురించి చెప్పినదానిని నేను కాదనను. అయితే ‘అడిగేవారే లేరు’ అన్న మాట దగ్గరే నాకు పేచీ ఉంది. మన ప్రాంతంలో మగవాడి దుస్తులను శ్రద్ధగా చూసిన కెమెరా లేకపోలేదు, మనమే దాన్ని మరిచిపోయాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరుగా పనిచేసి, 1894లో ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందిన లాలా దీన్ దయాళ్ తీసిన ప్రభువుల చిత్రాలను ఈ విద్యార్థి ఒక్కసారి నిదానంగా చూడాలి. తలపై దస్తార్ అనే తలపాగా, మెడ వరకు బిగించిన బొత్తాలు, మోకాళ్ల దాకా మడత చెదరకుండా దిగిన అంగీ ఆ మనిషి హోదాను ముఖం కంటే ముందే చెబుతాయి. ఆ నిజాం దుస్తులు దాచిన రెండంతస్తుల చెక్క అలమారాను హైదరాబాదులోని పురానీ హవేలీలో ఇప్పటికీ చూడవచ్చు. ఒకసారి తొడిగినదానిని ఆయన మళ్లీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. అలాంటి ఊళ్లో చదువుతున్న విద్యార్థిని పట్టుకుని మగవారి దుస్తులలో ఏముందని అడగడం నాకు బాధ కలిగించింది.

రాజుల సంగతి పక్కన పెట్టినా, జర్మనీకి చెందిన ఆగస్ట్ జాండర్ 1914లో వెస్టర్‌వాల్డ్ ప్రాంతంలో నాట్యానికి బయలుదేరిన ముగ్గురు యువ రైతులను బురద దారిలో ఆపి తీసిన చిత్రం ఉంది. నల్లటి సూట్లు, టోపీలు, చేతికర్రలతో వారు నిలబడిన తీరులో, పొలం పనికి అలవాటుపడిన ఒళ్లు పట్నపు కుట్టులో ఎంతవరకు ఇమిడిందో, ఎక్కడ ఇమడలేదో కనిపిస్తుంది. 1948లో ఆఫ్రికాలోని మాలీకి చెందిన బమాకో నగరంలో స్టూడియో తెరిచిన సేదూ కేతా, ఫోటో దిగడానికి వచ్చినవారికి సూటు, చేతిగడియారం, పెన్ను తానే ఇచ్చి, ఎలా కనిపించాలని వారు కోరుకున్నారో అలాగే తీశాడు. ఈ ఇద్దరిదీ ఫ్యాషన్ పత్రికల పని కాదు, అయినా పురుషుల దుస్తులను తీయడం నేర్చుకునేవారికి వీరిని మించిన గురువులు లేరని నా నమ్మకం.

విద్యార్థికి ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ రంగం పేరు చెప్పగానే చాలామంది కుర్రవాళ్లకు కండలు తిరిగిన దేహాలే గుర్తుకొస్తాయి. 1982లో కాల్విన్ క్లైన్ లోదుస్తుల కోసం బ్రూస్ వెబర్ ఒక పోల్‌వాల్ట్ క్రీడాకారుణ్ణి తీసిన ఫోటో న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్ కూడలిలో పెద్ద హోర్డింగుగా నిలిచిన తరువాత ఆ ధోరణి బాగా బలపడింది. దేహాన్ని తీయడం వేరు, గుడ్డను తీయడం వేరు. నీకు ఆసక్తి కలిగించినది గుడ్డ మీది దారం కనుక దానినే పట్టుకో. మోడల్‌గా నిలబడే కుర్రవాడు కూడా అవకాశం కోసం వచ్చినవాడేనని, ఇష్టం లేనిదానికి కాదనలేని స్థితిలో ఉండవచ్చని గుర్తుంచుకో. 2018లో ఈ రంగంలోని ప్రసిద్ధ ఫోటోగ్రాఫర్ల మీదే పురుష మోడళ్లు లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు, వారు వాటిని ఖండించారు. ఏది ఏమైనా, ఏం తొడగాలో, ఎంతవరకు విప్పాలో ముందే మాట్లాడుకుని, గదిలో మరొకరిని ఉంచుకుని పని చేయడం నీ అలవాటు కావాలి.

నలుపుతో మొదలుపెట్టావు కనుక తరువాత తెలుపు తీసి చూడమంటాను. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేసి, సన్నటి నూలు వడికి పంచెలు నేస్తారు. ఆ పంచెను కెమెరా మాట విని తీస్తే మాసిన బట్టలా వస్తుంది, ఎందుకంటే ఎదుట ఏమున్నా దానిని మధ్యస్థమైన బూడిద రంగుగానే కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు లెక్కిస్తుంది. నలుపుకు తగ్గించినట్టే తెలుపుకు పెంచాలి, కానీ రవ్వంత ఎక్కువైతే నేత మొత్తం మాయమైపోతుంది. ఆ రెండింటి నడుమ ఉన్న సన్నని సందులో నిలబడగలిగినవాడికి ఏ పెళ్లిలోనైనా పని దొరుకుతుంది. మా నాన్నగారు దర్జీ. చొక్కాను ఫోటో తీయాలంటే ముందు చొక్కా విప్పి లోపలి కుట్టు చూడాలని నాకు నేర్పింది ఆయనే. నువ్వూ లెన్సు కొనడానికి ముందు ఒక నెల మంచి దర్జీ దుకాణంలో కూర్చో.

హైదరాబాదు విద్యార్థి

మాష్టారూ, దేహం గురించి మీరన్న మాట నాకు తగిలింది. నేను దాచుకున్న చిత్రాలను మీ మాట చదివాక మళ్లీ తిరగేస్తే, సగానికి పైగా వాటిలో దుస్తు ఏమిటో నాకే గుర్తులేదు. వాటిని తీసేశాను. షేర్వాణీ మీద ఆ నల్లదారపు పని చేసినవారిని వెతికి, అక్కడి నుంచే ప్రాజెక్టు మొదలుపెట్టాలని అనుకుంటున్నాను. గుంటూరు అన్నగారూ, డబ్బు గురించి మీరు వేసిన ప్రశ్నకు నా దగ్గర ఇంకా సమాధానం లేదు.

గుంటూరు నుంచి, పెళ్లి ఫోటోగ్రాఫర్

నా అభిప్రాయం మారలేదు. ఒక్క రకం పనినే నమ్ముకోవద్దని ఇప్పటికీ అంటాను. అయితే మాష్టారు పంచె గురించి రాసినది చదివిన తరువాత నా పాత ఆల్బమ్‌లు తీసి చూశాను. తెల్లవారుజాము ముహూర్తాలలో పెద్దవాళ్లు పెళ్లికొడుకుకు పంచె కట్టి, కుచ్చిళ్లు సరిచేసి, ఉత్తరీయం వేసే ఆ అరగంట ఒక్క ఆల్బమ్‌లోనూ లేదు, ఎందుకంటే ఆ సమయంలో నేను ఎప్పుడూ పెళ్లికూతురి గదిలోనే ఉంటాను. రాబోయే మాఘమాసంలో తెనాలిలో ఒక పెళ్లి ఒప్పుకున్నాను. బాబూ, నీకు వీలైతే ముందురోజు రాత్రికే వచ్చెయ్యి, ఆ గది నీకు అప్పగిస్తాను. బండి ఖర్చు, భోజనం, రోజు కూలి నావి.